లైబ్రేరియన్లకు నాయకత్వం నేర్పే పీజీ కోర్సు ఎలా ఉండాలి?

2019 ఫిబ్రవరి చివర్లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఎల్సెవియర్‌తో చర్చలు తెంచుకుంది. శాస్త్రీయ జర్నల్స్ ప్రచురించే అతిపెద్ద కంపెనీల్లో ఎల్సెవియర్ ఒకటి. అమెరికా నుంచి వచ్చే పరిశోధన పత్రాల్లో దాదాపు పదో వంతు ఈ విశ్వవిద్యాలయానివే. అంతటి సంస్థ, కొత్త వ్యాసాలు నేరుగా అందకపోయినా సరే, ఎల్సెవియర్ షరతులకు మాత్రం ఒప్పుకునేది లేదని తేల్చిచెప్పింది. రెండేళ్లు అలాగే నిలబడింది. 2021 మార్చిలో, తమ పరిశోధకుల వ్యాసాలు అందరూ ఉచితంగా చదువుకునే వీలుండేలా కొత్త ఒప్పందం కుదుర్చుకుంది. ఈ మధ్యలోనే, 2020 ఏప్రిల్‌లో, న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయ వ్యవస్థ అదే కంపెనీతో ఇంకో దారి పట్టింది. సుమారు 2,200 జర్నల్స్ ఉన్న మొత్తం ప్యాకేజీని వదిలేసి, 248 మాత్రం ఏరి తీసుకుంది.

రెండు చోట్లా ఈ పని ముందుండి నడిపించినవాళ్లలో లైబ్రేరియన్లు ఉన్నారు. దానికి ఏమేం కావాల్సి వచ్చిందో చూడండి. ఏ జర్నల్‌ని ఎందరు చదువుతున్నారో లెక్క తీయాలి. కాంట్రాక్టులోని చట్టపరమైన మెలికలు తెలియాలి. ‘నా జర్నల్ తీసేస్తారా’ అని మండిపడే ప్రొఫెసర్లతో నెలల ముందు నుంచే మాట్లాడి ఉండాలి. పాలకవర్గం ముందు నిలబడి నష్టాలు కూడా దాచకుండా చెప్పాలి. అనుకున్నది జరక్కపోతే నింద మోయడానికి సిద్ధపడాలి. కాలిఫోర్నియా చర్చల బృందానికి నాయకత్వం వహించినవాళ్లలో ఒకరైన జెఫ్రీ మెకీ-మేసన్ అప్పట్లో ఆ విశ్వవిద్యాలయపు బర్క్‌లీ క్యాంపస్ లైబ్రేరియన్. చదువు రీత్యా ఆర్థికవేత్త. ఆ నేర్పు లైబ్రరీ సైన్స్ చదువులోంచే వచ్చే రోజు ఎప్పుడన్నది లైబ్రరీ విద్యను రూపొందించేవాళ్లు సీరియస్‌గా వేసుకోవాల్సిన ప్రశ్న.

ఇప్పుడున్న పీజీ సిలబస్‌లలో మేనేజ్‌మెంట్ లేదని కాదు. దాదాపు అన్ని చోట్లా ఒక పేపర్ ఉంటుంది. అందులో తప్పకుండా కనిపించేది పోస్డ్‌కార్బ్. ప్రణాళిక, నిర్వహణ, సిబ్బంది, ఆదేశం, సమన్వయం, నివేదిక, బడ్జెట్ అనే ఏడు పనులకు అమెరికా పరిపాలనా నిపుణుడు లూథర్ గులిక్ 1937లో వాటి ఇంగ్లిష్ పేర్ల నుంచి కూర్చిన పొడి అక్షరాల పేరు అది. ప్రభుత్వ పరిపాలన కోసం పుట్టిన ఆ జాబితాను విద్యార్థులు బట్టీపట్టి, పరీక్షలో రాసి, మరిచిపోతారు. అంతర్జాతీయ లైబ్రరీ సంఘాల సమాఖ్య ఇఫ్లా 2022లో లైబ్రరీ విద్యకు మార్గదర్శకాలు ప్రకటించినప్పుడు ఎనిమిది మౌలిక జ్ఞాన రంగాలను పేర్కొంది. వాటిలో మేనేజ్‌మెంట్ ఒకటి. వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ఆ పాళ్లు సరిపోతాయి. ఐదారేళ్లు పని చేశాక ఒక విభాగానికో, మొత్తం లైబ్రరీకో బాధ్యత తీసుకునేవాళ్లకు మాత్రం చాలవు. మొదటి పీజీకి ఇంకో పేపర్ కలిపితే ఈ లోటు తీరదు. వేరే కోర్సే కావాలి. దాన్ని వేరే పునాది మీద కట్టాలి.

బాధ్యత ఎక్కువ, అధికారం తక్కువ

ఆ పునాది ఏమిటో తెలియాలంటే ముందు లైబ్రేరియన్ కుర్చీ స్వభావాన్ని గుర్తించాలి. లైబ్రరీ బడ్జెట్‌ను నిర్ణయించేది లైబ్రేరియన్ కాదు. విశ్వవిద్యాలయంలో పాలకవర్గం, పబ్లిక్ లైబ్రరీలో స్థానిక సంస్థ, ఆస్పత్రిలో యాజమాన్యం నిర్ణయిస్తాయి. ఉద్యోగుల నియామకం తరచూ ఇంకో ఆఫీసు చేతిలో ఉంటుంది. సర్వర్లు ఐటీ విభాగానివి. భవనం ఇంజినీరింగ్ విభాగానిది. జర్నల్స్ ధరలు ప్రచురణకర్తల ఇష్టం. కానీ పుస్తకం దొరక్కపోయినా, డేటాబేస్ తెరుచుకోకపోయినా, రీడింగ్ హాల్లో ఫ్యాన్ తిరక్కపోయినా అడిగేది లైబ్రేరియన్‌నే.

కాబట్టి ఈ వృత్తిలో నాయకత్వమంటే ముఖ్యంగా తన కింద లేనివాళ్లను ఒప్పించడం. సాధారణ మేనేజ్‌మెంట్ పాఠాలు కింది ఉద్యోగులను ఎలా నడపాలో చెబుతాయి. అది అవసరమే. కానీ పైవాళ్లను, పక్కవాళ్లను, బయటివాళ్లను కదిలించడమే లైబ్రేరియన్ రోజులో సగం పని. కోర్సు రూపకల్పనలో ప్రతి నిర్ణయం ఇక్కడి నుంచే మొదలవ్వాలి: ఎవరిని చేర్చుకోవాలి, ఏం నేర్పాలి, ఎలా పరీక్షించాలి అన్నవన్నీ.

ఈ వృత్తి చరిత్రలోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. ఎస్.ఆర్. రంగనాథన్ 1924లో మద్రాసు విశ్వవిద్యాలయానికి తొలి లైబ్రేరియన్‌గా చేరినప్పుడు ఆయన గణితం అధ్యాపకుడు. లైబ్రరీ శిక్షణ లేదు. తర్వాత లండన్ వెళ్లి చదువుకున్నారు, అక్కడి పబ్లిక్ లైబ్రరీలు ఎలా నడుస్తున్నాయో తిరిగి చూశారు. ప్రపంచం ఆయన్ని లైబ్రరీ సేవకు ఆయన రాసిన పంచసూత్రాలకూ, పుస్తకాలను విషయాల వారీగా అమర్చే కోలన్ వర్గీకరణకూ గుర్తుపెట్టుకుంది. నాయకత్వ కోర్సు మాత్రం ఆయన జీవితంలో ఇంకో భాగాన్ని పాఠంగా పెట్టుకోవాలి. 1930లో బెనారస్‌లో జరిగిన అఖిల ఆసియా విద్యా సదస్సు ముందు ఆయన ఒక నమూనా లైబ్రరీ చట్టం పెట్టారు. మద్రాసు పబ్లిక్ లైబ్రరీల చట్టం 1948లో వచ్చింది. మధ్యలో 18 ఏళ్లు. శాసనసభలో ఓటు లేని మనిషి, ఒక విశ్వవిద్యాలయ ఉద్యోగి, ఒక ఆలోచనను అంతకాలం ఎలా బతికించారు? ఎవరెవరిని కలుపుకున్నారు, ఎక్కడ తగ్గారు, ఎక్కడ తగ్గలేదు? వర్గీకరణ పాఠంలో రంగనాథన్‌ను చదివినవాళ్లకు ఈ ప్రశ్నలు కొత్తగా ఉంటాయి. అవే ముఖ్యమైనవి.

ఎవరిని చేర్చుకోవాలి, ఎప్పుడు

డిగ్రీ చేసి నేరుగా వచ్చినవాళ్లకు నాయకత్వం నేర్పడం నేల విడిచి సాము చేయడమే. బడ్జెట్ కోత ఎలా ఉంటుందో అనుభవంలో లేనివాళ్లకు దాని గురించి ఎన్ని స్లైడ్లు చూపించినా అవి స్లైడ్లే. కనీసం నాలుగైదేళ్ల ఉద్యోగం, ఏదో ఒక చిన్న బాధ్యత మోసిన అనుభవం ప్రవేశ అర్హతగా ఉండాలి. ఉద్యోగం మానేసి చేరే కోర్సు కాకూడదు. పని చేస్తూ, రెండేళ్లపాటు, వారాంతాల్లో కొంత, ఆన్‌లైన్‌లో కొంత, ఏడాదికి రెండుమూడుసార్లు ముఖాముఖిగా కొన్ని రోజులు సాగే కోర్సు అయితేనే వాళ్ల ఆఫీసు ప్రయోగశాల అవుతుంది.

బ్యాచ్ పెద్దది అక్కర్లేదు. పదిహేను, ఇరవై మంది చాలు. కానీ అందరూ ఒకే రకం లైబ్రరీల నుంచి రాకూడదు. యూనివర్సిటీ లైబ్రేరియన్, జిల్లా పబ్లిక్ లైబ్రరీ అధికారి, ఆస్పత్రిలో వైద్య సమాచారం చూసే ఉద్యోగి, పురాలేఖల సంరక్షకుడు, కార్పొరేట్ కంపెనీలో నాలెడ్జ్ మేనేజర్ ఒకే గదిలో కూర్చుంటే ఒకరి సమస్యలో ఇంకొకరికి తమ సమస్య కనిపిస్తుంది. పబ్లిక్ లైబ్రరీ మనిషికి రాజకీయ నాయకులతో మాట్లాడటం అలవాటు. యూనివర్సిటీ మనిషికి కమిటీల లోగుట్టు తెలుసు. ఆస్పత్రి మనిషికి తప్పుడు సమాచారం ఖరీదు తెలుసు. ఈ కలయిక ఇచ్చే చదువు ఏ పుస్తకంలోనూ దొరకదు.

చిన్న ఊళ్లలో ఒంటరిగా పనిచేసే లైబ్రేరియన్‌ను ఇలాంటి కోర్సులు తరచూ మరిచిపోతాయి. ఆయన కింద ఎవరూ ఉండరు కాబట్టి ఆయన నాయకుడు కాదనుకుంటారు. తన కింద లేనివాళ్లను కదిలించడమే నాయకత్వం అయినప్పుడు, ఒక్కడే ఉన్న లైబ్రేరియన్‌కే ఈ చదువు అందరికన్నా ఎక్కువ అవసరం. సీట్లలో కొన్ని వాళ్లకోసం పక్కన పెట్టాలి.

ఒక పేజీ నోట్

ఏం నేర్పాలన్న దగ్గర ఒక అసైన్‌మెంట్‌ను దగ్గరగా చూద్దాం. సందర్భం ఊహించినది, కానీ అన్ని చోట్లా జరిగేదే. వచ్చే ఏడాది లైబ్రరీ బడ్జెట్‌లో 15 శాతం కోత పెడుతున్నట్టు ఫైనాన్స్ ఆఫీసర్ చెప్పారు. మీ స్పందన ఒక పేజీలో రాయండి.

మొదటిసారి రాసేవాళ్లలో ఎక్కువమంది ఇలా మొదలుపెడతారు: ‘లైబ్రరీ విశ్వవిద్యాలయానికి గుండెకాయ. జ్ఞానాభివృద్ధికి ఇది ఆయువుపట్టు. కావున కోత విరమించుకోవాలని మనవి.’ ఫైనాన్స్ ఆఫీసర్ అలాంటి మనవులు ఆ వారంలోనే పది చదివి ఉంటారు. ప్రతి విభాగమూ తానే గుండెకాయనని రాస్తుంది.

రెండో రూపం వేరుగా ఉంటుంది. మొదటి వాక్యంలోనే ఏం నిర్ణయం కావాలో, ఎప్పటిలోగా కావాలో ఉంటుంది. తర్వాత మూడు దారులు. ఒకటి, ఒక పెద్ద ప్యాకేజీని వదిలి, ఎక్కువ వాడే జర్నల్స్‌ను మాత్రం విడిగా కొనడం. ప్యాకేజీల వాడకాన్ని చూస్తే కొద్దిపాటి జర్నల్స్‌కే ఎక్కువ డౌన్‌లోడ్లు ఉండటం మామూలు. రెండు, పుస్తకాల కొనుగోలు తగ్గించి, కావాల్సినవి ఇతర లైబ్రరీల నుంచి తెప్పించడం. మూడు, సాయంత్రం పనివేళలు తగ్గించడం. ఒక్కో దారికి ఎంత ఆదా, ఏ విభాగానికి ఎంత ఇబ్బంది, మళ్లీ వెనక్కి తిరగడం సాధ్యమా అన్నది ఒక్కో వాక్యంలో. చివర లైబ్రేరియన్ సిఫార్సు, దాని మీద ఏ విభాగాధిపతులతో ఇప్పటికే మాట్లాడారో వాళ్ల పేర్లు. ఈ పేజీ అందుకున్న అధికారికి తాను ఒక నిపుణుడితో మాట్లాడుతున్నట్టు అర్థమవుతుంది. మూడు దారులూ ఇబ్బందికరంగానే కనిపిస్తే, కోత శాతం మీద మళ్లీ చర్చ మొదలయ్యే అవకాశమూ ఉంటుంది.

ఈ ఒక్క పేజీ రాయాలంటే వాడకం లెక్కలు చదవడం రావాలి. ఎలక్ట్రానిక్ వనరుల వాడకాన్ని అందరూ ఒకే పద్ధతిలో లెక్కపెట్టడానికి 2000ల తొలి ఏళ్ల నుంచి కౌంటర్ అనే ప్రమాణం ఉంది. ఆ నివేదికలోని అంకెతో ధరను భాగిస్తే ఒక్కో డౌన్‌లోడ్‌కు ఎంత పడుతుందో తెలుస్తుంది. కానీ ఆ అంకె అబద్ధమూ చెప్పగలదు. పదిమంది మాత్రమే ఉన్న చిన్న పరిశోధన విభాగానికి ప్రాణాధారమైన జర్నల్ లెక్కల్లో దండగలా కనిపిస్తుంది. అంకెను వాడటం, ఎక్కడ దాన్ని నమ్మకూడదో తెలుసుకోవడం రెండూ కలిపి నేర్పాలి. అందుకే ఫైనాన్స్, గణాంకాలు, రాతలో స్పష్టత, సంప్రదింపులు అని నాలుగు పేపర్లుగా విడగొట్టడం కన్నా, ఇలాంటి నిజమైన పని చుట్టూ వాటిని అల్లడం మేలు. విడివిడిగా నేర్చుకున్నవి అవసరం వచ్చినప్పుడు ఒకచోటికి చేరవు.

కష్టకాలపు పాఠం

2023 అక్టోబర్ చివర్లో బ్రిటిష్ లైబ్రరీపై సైబర్ దాడి జరిగింది. రైసిడా అనే ముఠా దాదాపు 600 గిగాబైట్ల డేటా ఎత్తుకెళ్లింది, సర్వర్లను పాడుచేసింది. లైబ్రరీ డబ్బు కట్టలేదు. ఉద్యోగుల వివరాలతో సహా ఆ డేటా బయటపడింది. పాఠకులు రోజూ వాడే కేటలాగ్ 2024 జనవరి మధ్యలో గానీ తిరిగి రాలేదు, అదీ వెతుక్కోవడానికి మాత్రమే పనికొచ్చే రూపంలో. లైబ్రరీల్లో పుస్తకాలు అరువు తీసుకున్నందుకు రచయితలకు ముట్టే సొమ్ము కూడా ఆలస్యమైంది.

ఇంతవరకూ ఇది ఐటీ కథలా ఉంటుంది. 2024 మార్చిలో ఆ లైబ్రరీ ఏం జరిగిందో, తమ లోపాలేమిటో వివరిస్తూ ఒక నివేదికను అందరికీ అందుబాటులో పెట్టింది. కాలం చెల్లిన పాత వ్యవస్థలు అన్నేళ్లు కొనసాగడం వల్లే కోలుకోవడం ఇంత కష్టమైందని అందులో దాచకుండా రాసింది. ఇతర లైబ్రరీలు నేర్చుకోవాలన్న ఉద్దేశంతో ఒక జాతీయ సంస్థ తన తప్పును ఇలా బయటపెట్టడం అరుదు. పీజీ తరగతిలో చర్చించడానికి దీనికి మించిన పాఠం దొరకడం కష్టం.

తరగతిలో దీన్ని కథగా చెప్పేస్తే ప్రయోజనం తక్కువ. విద్యార్థులను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలి. శనివారం పొద్దున సిస్టమ్స్ పనిచేయడం లేదన్న ఫోన్. కారణం ఇంకా తెలియదు. పాఠకులకు ఏం చెబుతారు? రెండో రోజు, ఉద్యోగుల జీతాల వివరాలు పోయి ఉండొచ్చని అనుమానం. నిర్ధారణ అయ్యేదాకా ఆగుతారా, ముందే చెబుతారా? రెండో వారం, కంప్యూటర్ లేకుండా కాగితం మీద పుస్తకాలు ఇవ్వొచ్చని కింది ఉద్యోగులే అంటున్నారు. భద్రతా నిపుణులు వద్దంటున్నారు. ఎవరి మాట వింటారు? ఒక్కో మెట్టు దగ్గర ఆగి, ప్రకటన రాయించి, దాన్ని గదిలో అందరిముందు చదివించాలి. ఆ టెన్షన్ తరగతిలోనే ఒకసారి అనుభవంలోకి రావాలి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కన్నా, ఆకులు ఎక్కడ దొరుకుతాయో ముందే తెలుసుకుని ఉండటం మంచిది.

పెద్ద సంక్షోభాలే కాదు. నిన్నటిదాకా పక్క సీట్లో కూర్చుని టీ తాగిన సహోద్యోగికి ఇవాళ పై అధికారి కావడం చాలామందికి సైబర్ దాడి కన్నా కష్టం. రోజూ ఆలస్యంగా వచ్చే సీనియర్‌తో ఆ మాట ఎలా ఎత్తాలి? పాత సాఫ్ట్‌వేర్‌లో ఇరవై ఏళ్లుగా దిట్ట అయిన మనిషి కొత్తదాన్ని అడుగడుగునా అడ్డుకుంటే ఏం చేయాలి? హార్వర్డ్‌లో నాయకత్వం బోధించిన రొనాల్డ్ హైఫెట్జ్ ఇక్కడ పనికొచ్చే తేడా ఒకటి చూపించారు. కొన్ని సమస్యలకు నైపుణ్యం ఉంటే చాలు. కొన్నింటికి మనుషులు తమ అలవాట్లు, విలువలు మార్చుకోవాలి. సాఫ్ట్‌వేర్ మార్పు మొదటి రకంలా కనిపిస్తుంది. ఆ దిట్ట మనిషి దృష్టిలో అది రెండో రకం, ఎందుకంటే ఆయన గౌరవమంతా పాతదాంట్లోనే ఉంది. ఆయనకు మరో శిక్షణ తరగతి పెట్టడం పరిష్కారం కాదు. కొత్తదాంట్లో ఆయనకు ఒక స్థానం చూపించాలి.

తోటివాళ్ల ప్రశ్నలు

పని చేసేవాళ్లు ఒకరి నుంచి ఒకరు నేర్చుకునే పద్ధతికి రెగ్ రెవాన్స్ 1940లలో బ్రిటన్ బొగ్గు గనుల్లో రూపం ఇచ్చారు. గని మేనేజర్లు చిన్న గుంపులుగా కూర్చుని, తమ నిజమైన సమస్యలను ఒకరి ముందొకరు పెట్టుకునేవాళ్లు. ఈ పద్ధతిలో పెద్దపీట సలహాలకు కాదు, ప్రశ్నలకు. లైబ్రేరియన్ల కోర్సుకు ఇది బాగా సరిపోతుంది. ప్రతి విద్యార్థీ తన లైబ్రరీ నుంచి ఒక తెగని సమస్య తెచ్చుకోవాలి. ఐదారుగురు గుంపు నెలకోసారి కలవాలి. ‘మీ రిజిస్ట్రార్‌తో చివరిసారి ఎప్పుడు మాట్లాడారు? ఆయనకు దీనివల్ల ఏం లాభం?’ అని తోటివాళ్లు అడిగినప్పుడు వచ్చే మౌనం చాలా నేర్పుతుంది. రెండో ఏడాది ప్రాజెక్ట్ ఈ సమస్య మీదే ఉండాలి. థీసిస్ పేరుతో ఇంకో సర్వే చేయించి, నాలుగు పై చార్టులు పెట్టించడం వల్ల ఒరిగేది తక్కువ.

ఇక ఈ పాఠాలు ఎవరు చెప్పాలి? బిజినెస్ స్కూల్‌కి అప్పగించేస్తే పని సులువవుతుంది. కానీ లాభం కొలబద్దగా ఉన్న కేసులు లైబ్రరీకి సగమే అతుకుతాయి. ఒక పిల్లవాడు లైబ్రరీలో చదువుకుని ఉద్యోగం తెచ్చుకుంటే ఆ లాభం లైబ్రరీ ఖాతాలో కనిపించదు. బోస్టన్‌లోని సిమన్స్ కళాశాల లైబ్రరీ, సమాచార రంగాల నాయకత్వం కోసం డాక్టరేట్ ప్రోగ్రామ్ పెట్టినప్పుడు తన నాయకత్వ నమూనాను ఆరోగ్య రంగం నుంచి తీసుకుని మలుచుకుంది. అది తెలివైన ఎంపిక. ఆస్పత్రి కూడా నిపుణులతో నిండిన చోటు, సేవ అంటే ఏమిటో ఒక్క అంకెలో తేలని చోటు. అకౌంటింగ్, ఒప్పందాలు బిజినెస్ స్కూల్ నుంచి తెచ్చుకోవచ్చు. కానీ ప్రతి మాడ్యూల్‌లో లైబ్రరీ నడిపిన మనిషి ఒకరు పక్కన ఉండి తీరాలి, అతిథి ఉపన్యాసానికి కాదు, మార్కులు వేసే అధికారంతో.

వారం రోజుల నాయకత్వ శిబిరాలు ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్నాయి. అమెరికాలో 1990లో మొదలైన స్నోబర్డ్ శిబిరం, 1999 నుంచి హార్వర్డ్‌లో విద్యాసంస్థల లైబ్రేరియన్లకు జరిగిన కార్యక్రమం వాటిలో పేరున్నవి. వాటి విలువ తక్కువ చేయాల్సిన పని లేదు. జీవితకాలపు స్నేహాలు అక్కడ కుదురుతాయి. కాకపోతే వారం తర్వాత సోమవారం పొద్దున పాత బల్ల, పాత ఫైళ్లు ఎదురైనప్పుడు ఆ ఉత్సాహానికి ఆసరా ఉండదు. పీజీ కోర్సుకు రెండేళ్ల సమయం ఉండటం ఇందుకే పనికొస్తుంది: ప్రయత్నించి, దెబ్బతిని, వచ్చి చెప్పుకుని, మళ్లీ ప్రయత్నించే వీలు.

కోర్సు పనిచేసిందా లేదా అన్నది ఎలా తెలుస్తుంది? అమెరికా ప్రొఫెసర్ డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ 1959లో శిక్షణ ఫలితాలను నాలుగు మెట్లుగా చూడమన్నారు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో ప్రవర్తన మారిందా, సంస్థకు ఫలితం వచ్చిందా. దాదాపు అన్ని కోర్సులూ మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి, ఎందుకంటే ఫీడ్‌బ్యాక్ ఫారం, పరీక్ష రెండూ తేలిక. ఈ కోర్సు మూడో మెట్టుదాకా వెళ్లకపోతే దానికి నాయకత్వం అన్న పేరు తగదు. చేరేటప్పుడు ఒకసారి, ముగిసిన ఏడాదికి మరోసారి విద్యార్థి పై అధికారినీ, కింద పనిచేసేవాళ్లనూ, పక్క విభాగం వాళ్లనూ అవే ప్రశ్నలు అడగాలి. కష్టమైన విషయం ఆలస్యం చేయకుండా మాట్లాడతారా? మీ అభిప్రాయంతో నిర్ణయం ఎప్పుడైనా మార్చుకున్నారా? జవాబులు గుట్టుగా ఉంచి, విద్యార్థికి సారాంశం మాత్రం చెప్పాలి.

దీనికి ఉద్యోగమిచ్చిన సంస్థ సహకారం లేకపోతే ఏదీ సాగదు. అడ్మిషన్ అప్పుడే సంస్థ నుంచి ఉత్తరం అడగాలి. సాధారణంగా ఆ ఉత్తరంలో ‘అభ్యంతరం లేదు’ అని ఒక్క ముక్క ఉంటుంది. అది చాలదు. నెలకు ఎన్ని రోజులు వెసులుబాటు ఇస్తారు, ఫీజులో ఎంత భరిస్తారు, కోర్సు నడుస్తుండగా ఈ ఉద్యోగికి ఏ నిర్ణయాన్ని పూర్తిగా అప్పగిస్తారు అన్న మూడు విషయాలూ రాసివ్వాలి. మొదటి రెండింటికి ఒప్పుకునే సంస్థలు చాలానే ఉంటాయి. మూడోదానికి జంకుతాయి. అలా జంకిన చోట విశ్వవిద్యాలయం ఆ పై అధికారితో ఒక గంట కూర్చుని మాట్లాడాలి. ఏ నిర్ణయం అప్పగిస్తే భయం లేదో, ఎంత డబ్బు దాకా, ఎవరికి తెలియజేస్తూ అన్నది తేల్చాకే సీటు ఖాయం చేయాలి.